ఇంగ్లాండ్‌లో ఉంటున్న మన పిల్లలకు

లీడ్స్

చిరంజీవులకు,

సెలవు దొరికితే మీరు యార్క్ వెళ్తారని తెలుసు. అక్కడి పెద్ద చర్చి మిన్‌స్టర్ ముందు ఫోటో దిగుతారు. టికెట్ ధర చూసి కొందరు లోపలికి కూడా వెళ్లకుండా వెనక్కి వస్తారు. దానికి మిమ్మల్ని ఏమీ అనను, చదువు అప్పులు నాకూ తెలుసు. కానీ లోపలికి వెళ్లినవాళ్లు కూడా తూర్పు గోడ నిండా ఉన్న ఆ రంగు అద్దాల కిటికీ కింద రెండు నిమిషాలు నిలబడి "భలే ఉంది" అనుకుని వచ్చేస్తున్నారు. జాన్ థార్న్‌టన్ అనే పనివాడు దాన్ని మూడేళ్లలో పూర్తి చేస్తానని 1405లో ఒప్పుకుని, 1408కి ముగించాడు. ఆ కిటికీని చూడటం ఎలాగో నేర్పే క్లాసులు ఈ దేశంలో ఉన్నాయి. వాటిలో చేరమని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను ఆసుపత్రి ఉద్యోగంలో ఉండగానే అలాంటి సాయంకాలపు క్లాసులో చేరాను. మధ్యయుగపు చర్చిలు, మఠాలు అన్నది పాఠం. అందరూ పెద్దవాళ్లే. రిటైరైన టీచరు, బస్సు డ్రైవరు, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చే తల్లి. పరీక్ష లేదు. ఈ పద్ధతికి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. శ్రామికుల చదువు కోసం ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ 1903లో ఒక సంఘం పెట్టాడు. డబ్ల్యు.ఇ.ఎ. అంటారు, ఇప్పటికీ నడుస్తోంది. 1908లో ఆర్.హెచ్. టానీ అనే చరిత్రకారుడు రాచ్‌డేల్, లాంగ్టన్ ఊళ్లలో కార్మికులకు పాఠాలు మొదలుపెట్టాడు. ఒక గంట పాఠం, ఒక గంట చర్చ. ఆ రెండో గంట లేకపోతే అది చదువే కాదని నా అభిప్రాయం. మనం పెరిగిన కాలేజీల్లో మొదటి గంటే ఉండేది. అలాంటి క్లాసు ఏం నేర్పుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను.

యార్క్‌షైర్ వోల్డ్స్‌లో వారమ్ పెర్సీ అనే ఊరి ఆనవాళ్లున్నాయి. 1500 ప్రాంతంలో గొర్రెల మేత కోసం ఆ భూమి నుంచి మిగిలిన జనాన్ని వెళ్లగొట్టారు. ఇప్పుడక్కడ ముఖ్యంగా కనిపించేవి పైకప్పు లేని చర్చి, గడ్డి కింద ఇళ్ల పునాదులే. ఆ చర్చి గోడలో రాళ్లతో మూసేసిన కమానులున్నాయి. అవి తెరిచి ఉన్న రోజుల్లో వాటి అవతల పక్క నడవలుండేవి. జనం పెరిగినప్పుడు కట్టారు, జనం తగ్గాక పడగొట్టి కమానులు మూసేశారు. ఊరు ఎలా పెరిగిందో, ఎలా తరిగిందో ఆ గోడే చెబుతుంది. 1950 నుంచి నలభై ఏళ్లపాటు ఏటా వేసవిలో అక్కడ తవ్వకాలు జరిగాయి. వాటిని నడిపించింది లీడ్స్‌లో ఆర్థిక చరిత్ర చెప్పిన మారిస్ బెరెస్‌ఫర్డ్, పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్స్ట్. పార పట్టినవాళ్లలో చాలామంది మామూలు ఔత్సాహికులు.

ఇక ఫౌంటెన్స్ మఠం. యార్క్‌లోని తమ మఠంలో నియమాలు సడలిపోయాయని పదమూడు మంది సన్యాసులు 1132లో బయటికొచ్చి స్కెల్ నది లోయలో మొదలుపెట్టారు. కఠిన జీవితం కోరి వచ్చినవాళ్ల మఠం ఉన్ని వ్యాపారంతో ఇంగ్లాండ్‌లోకెల్లా సంపన్నమైన మఠాల్లో ఒకటైంది. ఎనిమిదో హెన్రీ 1539లో దాన్ని మూయించాడు. చూడటానికి వెళ్లేవాళ్లంతా మూడు వందల అడుగుల పొడవున్న కమానుల గిడ్డంగి దగ్గర ఆగుతారు. డాక్టర్ని కాబట్టి నేను మాత్రం వైద్యశాల దగ్గర ఆగాను. దాన్ని నది మీద సొరంగాలు కట్టి, వాటిపైన నిలబెట్టారు. మురుగంతా నీళ్లలో కొట్టుకుపోయేది. ఆ కాలపు సన్యాసులకు ఏడాదిలో కొన్నిసార్లు ఆరోగ్యం కోసమని రక్తం తీసి, విశ్రాంతి ఇచ్చేవారు. వైద్యం అలా ఉన్నా మురుగు ఏర్పాటు మాత్రం మన చాలా ఊళ్లకంటే మెరుగ్గా ఉండేది.

"మాకు చర్చిలతో ఏం పని తాతగారూ?" అని మీలో ఒకరు అడిగారు. మా క్లాసులో దేవుణ్ణి నమ్మనివాళ్లున్నారు, ముస్లిములున్నారు, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. గోడ ముందు నిలబడినప్పుడు ఎవరి నమ్మకాన్నీ ఎవరూ అడగలేదు. మెదక్ చర్చిలో మొనదేలిన కమానులు చూసి పెరిగినవాళ్లు మీలో ఉండే ఉంటారు. 1924లో ప్రారంభమైన ఆ చర్చి ఏ పద్ధతిని అనుసరించిందో, ఆ పద్ధతి పుట్టి పెరిగిన శతాబ్దాల నాటి కట్టడాలు ఇక్కడ ఊరూరా ఉన్నాయి.

సర్టిఫికెట్ వస్తుందా అని కూడా అడిగారు. చాలావాటికి రాదు. కానీ సర్టిఫికెట్ లేకపోయినా ఈ చదువులో ఎంత చేయొచ్చో చూడండి. థామస్ రిక్‌మన్ అనే ఆయన కొన్నాళ్లు వైద్యం చేసి, తర్వాత లివర్‌పూల్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో లెక్కలు రాసుకునేవాడు. తీరిక దొరికినప్పుడల్లా పాత చర్చిలు తిరిగి కొలతలు రాసుకుని, బొమ్మలు గీసుకున్నాడు. గుండ్రటి కమానుల నార్మన్ కాలం, సన్నటి కిటికీల కాలం, అలంకారాల కాలం, నిలువు గీతల కాలం అని 1817లో పుస్తకంలో ఆయన చేసిన విభజనతోనే ఇప్పటికీ చాలా క్లాసుల్లో మొదటి పాఠం మొదలవుతుంది. ఆయన చేతిలో కూడా దీనికి సర్టిఫికెట్ లేదు.

ఒక్క హెచ్చరిక. ఈ చదువుకు ప్రభుత్వ డబ్బు తగ్గిపోయింది. చాలా విశ్వవిద్యాలయాలు తమ సాయంకాలపు విభాగాల్ని మూసేశాయి. క్లాసులకు వచ్చేవాళ్లు ఎక్కువగా నా వయసువాళ్లే. మీరు రాకపోతే మిగిలినవీ మూతపడతాయి. కొన్ని ఇప్పుడు ఆన్‌లైన్‌లో చెబుతున్నారు కానీ, వీలుంటే గదిలో కూర్చునేదే ఎంచుకోండి.

సెప్టెంబరులో చాలాచోట్ల కొత్త క్లాసులు మొదలవుతాయి. మీ ఊరి లైబ్రరీలో అడగండి. ఆదాయం తక్కువైతే ఫీజు తగ్గించే చోట్లున్నాయి, అడగడానికి మొహమాటపడకండి. చర్చికి వెళ్లే రోజున చిన్న టార్చి, మందపాటి సాక్సులు తీసుకెళ్లండి. లోపల బయటికంటే చలి.

ఆశీస్సులతో,
మీ డాక్టరు తాతగారు