చిన్న గొడవ చిన్నదిగానే ఉండే హక్కు

మా వీధికి గొడవలు కొత్త కావు. కర్నూలు పాతబస్తీలో గోడకు గోడ ఆనుకొని కట్టుకొన్న ఇళ్ళు మావి. కుళాయి నీళ్ళు వచ్చే కాసేపట్లో ఎవరి బిందె ముందు, ఎవరి బిందె వెనుక అన్న తగవు ఉండేది. ఒకరి ఇంటి కాలువ నీరు మరొకరి గడప ముందు నిలిచిందన్న తగవు ఉండేది. మా మేక వారి గుమ్మం ముందరి మొక్కను మేసిందని వారూ, వారి పిల్లవాడి బంతి మా కిటికీ అద్దం పగులగొట్టిందని మేమూ వాదులాడుకొనేవాళ్ళం. గొంతులు లేచేవి. పాత సంగతులన్నీ బయటికి వచ్చేవి. సాయంత్రానికి అరుగు మీద కూర్చొన్న పెద్దలెవరో ఇరుపక్షాలనూ మందలించేవారు. మరునాడు పొద్దున్నే పక్కింటి ఆవిడ గోడ మీదుగా గిన్నె చాచి, "అక్కా, పాలలోకి కాస్త తోడు ఉంటే వేయండి" అని అడిగేది. తోడు పుచ్చుకొన్న తరువాత నిన్నటి గొడవను ఎవరూ ఎత్తేవారు కాదు.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుండే దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. నాలుగు గంటల వ్యవధిలో ఊరు ఇంటికి పరిమితమైంది. అంతకుముందు పగలంతా పనులకూ, అంగళ్ళకూ, బడులకూ పోయే జనం రెండేసి గదుల ఇళ్ళలో ఒక్కసారిగా ఇరుక్కుపోయారు. గొడవలు పెరగడం సహజమే. మిద్దె మీద పిల్లల పరుగులు కింది ఇంటి వారికి తలనొప్పి. చేతులు మాటిమాటికీ కడుక్కోవాలంటే నీళ్ళు చాలవు కాబట్టి కుళాయి దగ్గర బిందెలు పెరిగాయి. రేషను దుకాణం ముందు సున్నంతో గీసిన గుండ్రాలలో ఎవరు ఎవరి చోటు ఆక్రమించారన్నది మరో పేచీ. ఇవి ఒక మతం వారి ఇళ్ళలో మాత్రమే జరిగినవి కావు. అందరూ అందరితో విసిగిపోయిన రోజులవి.

ఆ మొదటి వారంలో మా వీధి గొడవలు ఇంకా మా వీధి గొడవలుగానే ఉన్నాయి.

మార్చి నెలాఖరున ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. అక్కడ జరిగిన తబ్లీగీ సమావేశానికి వెళ్ళి వచ్చిన కొందరికి వ్యాధి సోకిందన్నది నిజం. వారిని గుర్తించడం, పరీక్షించడం, విడిగా ఉంచడం ప్రభుత్వ బాధ్యత. అందులో ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ కొద్ది గంటలలోనే టీవీ తెరల మీద ఆ వార్త రోగుల గురించిన వార్తగా మిగలలేదు. ఒక సమాజం మొత్తం గురించిన నేరారోపణగా మారిపోయింది. వ్యాధికి మతం పేరు తగిలించారు. ముస్లిముల బండి దగ్గర కూరగాయలు కొనవద్దన్న సందేశాలు ఫోన్ల నుండి ఫోన్లకు పాకాయి.

ఆ తరువాత మా వీధిలో జరిగినవి చెప్పుకోవడానికి చాలా చిన్నవి. అందుకే వాటిని ఎవరూ రాయలేదు. అందుకే మేము రాస్తున్నాము.

కుళాయి దగ్గర ఎప్పటి తగవే. కానీ ఈసారి "మా బిందె ముందు" అనలేదు. "మీవాళ్ళు ముట్టిన కుళాయి మేము కడుక్కోవాలా?" అన్నారు. 'మీరు' అన్న మాట 'మీవాళ్ళు'గా ఎప్పుడు మారిందో మాకు తెలియలేదు. మా వీధి నుండి ఆకుకూరల బండి తోసుకొనిపోయే యువకుణ్ణి, అతడు పదేళ్ళుగా తిరిగిన కాలనీలోనే ఆపి పేరు అడిగారు. పేరు చెప్పాక వెనుదిరగమన్నారు. ఆ మధ్యాహ్నం వాడిపోయిన తోటకూరను అతడు మా ఇళ్ళలోనే ఊరికే పంచి వెళ్ళాడు. మాలో ఉబ్బసంతో ఇరవై ఏళ్ళుగా దగ్గుతున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఆ దగ్గు వీధి అంతటికీ తెలుసు. తెల్లవారుజామున ఆయన దగ్గు విని లేచి పాలకు బయలుదేరేవారు కూడా ఉన్నారు. ఏప్రిల్‌లో ఎవరో 100కు ఫోను చేశారు. అంబులెన్సు వచ్చింది. వీధివారు కిటికీల సందుల నుండి చూస్తుండగా ఆయనను క్వారంటైన్‌కు తీసుకొనిపోయారు. పరీక్షలో వ్యాధి లేదని తేలింది. ఆయన తిరిగి వచ్చిన రోజు మాత్రం అంబులెన్సు రాలేదు, కిటికీలు తెరుచుకోలేదు.

పరీక్ష చేయించడం తప్పు అని మేము అనడం లేదు. దగ్గుతున్న మనిషిని చూసి భయపడటం ఆ రోజులలో సహజం. కానీ ఇరవై ఏళ్ళ దగ్గు తెలిసిన పొరుగువారు తలుపు తట్టి "పెద్దాయనకు ఎలా ఉంది?" అని అడగవలసిన చోట, పేరు చెప్పకుండా ఫోను చేశారు. మేము ఆలోచించిన సంగతి ఇదే. వెనుకటి గొడవలో ముఖం ఉండేది. తిట్టినవారెవరో తిట్లు తిన్నవారికి తెలుసు. కనుక సర్దుకోవడానికీ వీలుండేది. లాక్‌డౌన్ ఆ ముఖాన్ని తీసివేసింది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, శిక్షాస్మృతిలోని 188వ సెక్షను, ఇవన్నీ ఒక్క ఫోను పిలుపు దూరంలోకి వచ్చాయి. పొరుగువాడి చిరాకుకు పోలీసు బలం దొరికింది. టీవీ దానికి మతం రంగు పూసింది. అంతటితో మేక మొక్కను మేసినంతటి తగవు కూడా దేశభద్రత స్థాయికి ఎదిగింది.

మా ఊరి మరొక మనిషిని ఇక్కడ తలచుకోవాలి. డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్. కర్నూలులో ఆయనను 'రెండు రూపాయల డాక్టర్' అనే పిలిచేవారు. రోగి ఇచ్చినంత పుచ్చుకొనేవారు, ఇవ్వలేని వారిని అడిగేవారు కాదు. కర్నూలు జిల్లా పల్లెలనుండే కాక పొరుగున ఉన్న తెలంగాణ, కర్ణాటకల నుండి కూడా అన్ని కులాల, అన్ని మతాల పేదలు ఆయన వాకిట కూర్చొనేవారు. 76 ఏళ్ళ వయసులో, 2020 ఏప్రిల్ 14న, కరోనా ఆయనను తీసుకొనిపోయింది. మామూలు రోజులలో అయితే ఆ జనాజా వెంట ఊరు ఊరంతా నడిచేది. నిబంధనల వలన గుప్పెడు మంది కుటుంబసభ్యులు మాత్రమే ఉన్నారు. ముస్లిములు వ్యాధిని పంచుతున్నారని తెరల మీద అరుస్తున్న ఆ వారాలలోనే, మా ఊరి ఒక ముస్లిం వైద్యుడు ఆ వ్యాధికే బలయ్యాడు. రెండు వార్తలూ ఒకే ఊళ్ళో విన్నాము.

ఏప్రిల్ 8న కేంద్ర ఆరోగ్యశాఖ ఒక సూచన విడుదల చేసింది. వ్యాధి వ్యాప్తికి ఏ సమాజాన్నీ, ఏ ప్రాంతాన్నీ బాధ్యులను చేయవద్దని అందులో ఉంది. ఆ కాగితం మా వీధి దాకా రాలేదు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తబ్లీగీ విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకొన్నట్లు కనిపిస్తోందని వ్యాఖ్యానించింది. విదేశీ అతిథులకు ఆశ్రయం ఇచ్చారన్న ఆరోపణతో 70 మంది భారతీయులపై సాగిన 16 కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జులై 17న రద్దు చేసింది. అంటే ఐదేళ్ళకు పైగా పట్టింది. ఆలస్యమైనా పెద్ద కేసులకు న్యాయస్థానం ఉంది. కుళాయి దగ్గర పడిన ఆ మాటకు న్యాయస్థానం ఎక్కడ ఉంది? వాడిపోయిన తోటకూరకు తీర్పు ఎవరు చెబుతారు?

ఇంత చెప్పిన తరువాత మన వైపు కూడా చూసుకోవాలి. లేకపోతే ఈ మాటలకు విలువ ఉండదు. ఢిల్లీ వెళ్ళి వచ్చిన కొందరు ఆ సంగతిని వెంటనే చెప్పలేదు. వారి భయానికి కారణం ఉంది. అయినా అదే ఇంట్లోని వృద్ధులకూ, పక్క ఇంటివారికీ ఆ సంగతి తెలుసుకొనే హక్కు ఉంది. ఇళ్ళలోనే నమాజు చేసుకోండని ఉలమాలు స్పష్టంగా చెప్పిన తరువాత కూడా కొన్నిచోట్ల మూసిన షట్టరు వెనుక గుమిగూడినవారు ఉన్నారు. రమజాన్ రాత్రులలో మన పిల్లలు సహరీ దాకా మలుపులో మోటారు సైకిళ్ళ మీద కూర్చొన్నారు. ఎవరైనా అభ్యంతరం చెబితే "ఇది మన మీద ద్వేషం" అన్నాము. ప్రతి ఫిర్యాదూ ద్వేషం కాదు. నిద్ర పట్టని పొరుగువాడి విసుగును కూడా ద్వేషమని పిలిస్తే, నిజమైన ద్వేషం వచ్చిన రోజున మన మాట నమ్మేవారు ఉండరు. మరొకటి, చెప్పడానికి సిగ్గుపడే సంగతి. మా వరుసలో అద్దెకు ఉంటున్న ఒక నర్సును ఇల్లు ఖాళీ చేయమని అడిగిన ఇంటి యజమాని మనవాడే. భయం మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేస్తుందో తెలుసుకోవడానికి మేము వీధి దాటి వెళ్ళనవసరం లేకపోయింది.

వ్యాధి సోకిన ఊరికి వెళ్ళవద్దని, ఆ ఊరి నుండి బయటికి రావద్దని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలుసు. అమ్‌వాస్ మహమ్మారి వార్త విని రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణాన్ని సర్గ్ దగ్గరే ఆపి వెనుదిరిగారు. జాగ్రత్త మన ధర్మానికి పరాయిది కాదు. అదే విధంగా దివ్య ఖుర్ఆన్‌లో 107వ సూరాకు 'అల్ మాఊన్' అని పేరు. ఇరుగుపొరుగు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనే చిన్నచిన్న వస్తువులను, చిన్నపాటి సాయాలను ఆ మాట సూచిస్తుందని వ్యాఖ్యాతలు చెబుతారు. అటువంటి చిన్న సాయాన్ని నిరాకరించేవారిని ఆ సూరా గట్టిగా మందలిస్తుంది. పిడికెడు ఉప్పు, ఒక గరిటె తోడు, కాసేపటికి అడిగిన గిన్నె, ఇవి మన ధర్మంలో చిన్న విషయాలు కావు.

కాబట్టి మేము అడుగుతున్న హక్కు వింతగా వినిపించవచ్చు. మా వీధిలో గొడవలు ఉండకూడదని మేము అడగడం లేదు. మా గొడవలు అందరి గొడవలలాగే చిన్నవిగా ఉండాలని అడుగుతున్నాము. మా మేక మొక్కను మేస్తే మమ్మల్ని తిట్టండి. మేక మతం అడగవద్దు. ఒక ముస్లిం కుటుంబం చేసిన తప్పు ఆ కుటుంబపు తప్పుగా మిగలాలి. రాజ్యాంగ పీఠికలోని 'సౌభ్రాతృత్వం' అన్న మాటకు వీధిలో అర్థం ఇదే. మత భేదాలకు అతీతంగా సోదరభావాన్ని పెంపొందించడం 51ఎ(ఇ) అధికరణం ప్రకారం ప్రతి పౌరుని విధి. ఆ విధి కుళాయి దగ్గరే మొదలవుతుంది.

ఇందుకు మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మరో మహమ్మారి గానీ, వరద గానీ, కర్ఫ్యూ గానీ రాకముందే ప్రతి వీధిలో అన్ని మతాల పెద్దలతో, తప్పనిసరిగా స్త్రీలతో కూడిన ఒక చిన్న కమిటీ ఉండాలి. పోలీసులకు ఫోను చేసే ముందు ఆ కమిటీ తలుపు తట్టే అలవాటు చేయాలి. మతం పేరుతో దూషణ జరిగినా, అమ్మకాన్ని అడ్డుకొన్నా, తేదీ, చోటు, సాక్షుల పేర్లతో రాసి ఉంచాలి. తీవ్రమైనవాటిని పోలీసు అధికారులకూ, మైనారిటీ కమిషన్‌కూ లిఖితపూర్వకంగా పంపాలి. మన తప్పు ఉన్నచోట మస్జిదు కమిటీయే ముందు వెళ్ళి క్షమాపణ చెప్పాలి. ఈ రెండు పనులూ ఒకే చేతితో చేయగలిగినప్పుడే మన మాటకు బలం.

చివరగా మా ఇంటి సంగతి. 2020 ఏప్రిల్‌లో పక్కింటి ఆవిడ తోడు అడగడం మానివేసింది. గొడవ ఏదీ జరగలేదు. ఒక్క మాట అనలేదు. ఒకరోజు నుండి గోడ మీదికి గిన్నె రాలేదు, అంతే. వారి చెత్తబుట్టలో పెరుగు ప్యాకెట్లు కనిపించేవి. ఆ ఏడు మే 25న వచ్చిన ఈద్‌కు సేమ్యా పాయసం గిన్నె పట్టుకొని గోడ దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చాము. పిలవడానికి ధైర్యం చాలలేదు. ఆ రోజు పిలిచి ఉండవలసిందని ఈనాటికీ అనుకొంటాము.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం గోడ మీద గిన్నె కనిపించింది. "అక్కా, తోడు" అన్నది ఆవిడ. తల పైకెత్తలేదు. మేమూ ఏమీ అడగలేదు, గిన్నెలో వేసి ఇచ్చాము. ఆ మరునాడు కుళాయి దగ్గర మా బిందె ముందు పెట్టామని ఆవిడ వీధి అదిరేలా అరిచింది. మేమూ తగ్గలేదు. అరుగు మీది పెద్దాయన ఉబ్బసంతో దగ్గుతూనే ఇద్దరినీ కోప్పడ్డారు.

ఆ గొడవలో ఎవరూ 'మీవాళ్ళు' అనలేదు.