నొక్కితే ఏమవుతుందో చెప్పండి బాబూ!

మా అత్తగారి ఫోన్లో రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర గుర్తుచేసే గంట ఒకటుంది. మూడు రోజులు అది మోగలేదు. ఆవిడ మాత్రా వేసుకోలేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, చార్జింగు నిలవడం లేదని సెట్టింగ్సులో నేనే ఓ మీట జరిపాను! దాని పేరు ‘బ్యాటరీ ఆప్టిమైజేషన్’. కింద వివరణ ‘బ్యాటరీని ఆప్టిమైజ్ చేస్తుంది’.

అత్తగారంటే ఎవరని అడిగితే ‘అత్తగారే’ అన్నట్టు లేదూ?

“తెలియని మీట ఎందుకు కదిపావ్?” అంటారు మావారు. తెలుసుకుందామనే కదండీ కింద రాసింది చదివాను! ‘వాడని యాప్‌లను నిద్రపుచ్చుతాం. చార్జింగు ఎక్కువసేపు నిలుస్తుంది. కాని గుర్తుచేసే గంటలు ఆలస్యం కావచ్చు, మోగకపోనూవచ్చు’ అని రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? కొత్త కోడలికి ఆవకాయ నేర్పేటప్పుడు ‘ఉప్పు వెయ్యి’ అని ఊరుకుంటామా? తగ్గితే బూజు పడుతుందని కూడా చెబుతాం.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌లో ఇలాంటి మీటలు వేలకొద్దీ ఉన్నాయి. వాటితో పని నిపుణులకే. అయినా చాలావాటి కింద, సందేహంగా ఉంటే ఔననాలో కాదనాలో రాసి ఉంటుంది. నిపుణులకే ఆ చెయ్యూత కావలసి వస్తే, డెబ్బై ఏళ్ల మా అత్తగారికి అక్కర్లేదా?

నొక్కితే ఏమొస్తుంది, ఏం పోతుంది, తోచకపోతే ఏం చెయ్యాలి? మూడే ముక్కలు. అవి రాయడం చేతకాకపోతే ఆ మీటే పెట్టకండి. మాత్ర మరిచిన తప్పు మాత్రం మా నెత్తిన రుద్దకండి!