కంపు రాలేదు కదా అంటే సరిపోదు

వార్షిక సభ ముచ్చట మళ్ల మొదలైంది కాబట్టి, పోయినేడు జరిగింది నేనే ఎత్తుతున్న. రాత్రి వండిన మటన్ కూర పెద్ద గంజుల మూతపెట్టి అట్లనే ఉంచినం. పొద్దున పదింటికి బగారన్నంల వడ్డించినం. చీకటి పడంగనే ఇంటింటికీ కడుపునొప్పి, విరేచనాలు. "పాత మాంసం అమ్మిండు" అని కొట్టాయన మీదికి నెట్టినం. ఆ మాట అన్నోళ్లల్ల నేనూ ఉన్న. ఇప్పుడు ఆయనకు బాకీ పడ్డట్టే అనిపిస్తది.

పచ్చి మాంసం ఎట్ల పాడయితదో సైంటిస్టులు లెక్క గట్టిన్రు. గాలి తగిలే మాంసంల, చల్లటి జాగల గూడ, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ముందుకొస్తది. ముందుగాల గ్లూకోజు తింటది. అది ఒడిసినంక అమైనో ఆమ్లాల మీద పడుతది, కంపు మొదలయ్యేది అప్పుడే. చదరపు సెంటీమీటరుకు కోటి దాక చేరితే ముక్కుకు తెలుస్తది. మొదట వెయ్యి ఉంటే కోటికి పదమూడు రెట్టింపులు పడుతయి, పది వేలుంటే పదే. ఎండల అరగంటకు ఒక రెట్టింపు అనుకుంటే, శుభ్రంగ కోసిన మాంసానికి దొరికేది గంటన్నర ఎక్కువ. ఐసుల ఎనిమిది గంటలకొకటి అనుకుంటే, అదే శుభ్రానికి ఒక రోజు ఎక్కువ దొరుకుతది. కాళేశ్వరం దిక్కు నుంచి వంతెన మీదుగ బైకుకు సంచి తగిలించి తెచ్చేటోళ్లు ఈ లెక్క జర చూడాలె.

ఈ జీవులు ఒకదాన్నొకటి ఆపుకుంటయి గూడ. గాలి తీసిన ప్యాకెట్ల లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పులుపు పుట్టించి మిగిలినవాటిని అణుస్తయి. ఎక్కువున్న జాతి నిండుకు చేరితే తక్కువున్నయి గూడ ఆగుతయని జేమ్సన్ అనే శాస్త్రవేత్త 1962లనే రాసిండు.

అసలు చిక్కు ఇక్కడనే ఉంది. కూర ఉడికితే పోటీ పడేటియన్నీ సచ్చిపోతయి. క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ విత్తులు మాత్రం ఆ ఉడుకును తట్టుకుంటయి. కలుపు పీకిన మడి లెక్క, కూరంతా దానిదే. 43–45 డిగ్రీల వేడిల పది నిమిషాలకే రెట్టింపు అయితది. పెద్ద గంజు నడుమ ఆ వేడి గంటలకొద్దీ నిలుస్తది, మన మే నెల రాత్రుల్ల ఇంకా ఎక్కువ. కంపు రాదు, రుచి మారదు. తిన్నంక ఎనిమిది, పన్నెండు గంటలకు కడుపుల తిప్పుతది. పోయినేడు మనకు జరిగింది ఇదేనని నా గట్టి అనుమానం.

మన పెద్దోళ్లు ఫ్రిజ్ లేని కాలంల ఒట్టి తునకలు చేసుకున్నరు. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెడితే బ్యాక్టీరియాకు అందే నీళ్లే ఉండవు. తడి మాంసాన్ని చెడగొట్టే సిరొంచ ఎండే ఆ తునకల్ని కాపాడింది. (మా అమ్మమ్మ దండెం కింద కుక్కకు కావలి నేనే.)

అందుకే నా మాట: ఈసారి రాత్రి వంట వద్దు. మాంసం పొద్దున్నే తెచ్చి, ఐసు డబ్బాల పెట్టి, వండంగనే వడ్డిద్దాం. మిగిలితే వెడల్పు పళ్లేలల్ల పలచగ పోసి, ఆరంగనే ఫ్రిజ్‌ల పెట్టి, తినే ముందు తెర్లంగ మరగబెట్టాలె. ఐసు ఖర్చుకు ఖజాంచి అన్న మొఖం ముడుస్తడని తెలుసు. మైకుసెట్టు ఒకటి తగ్గిద్దాం. ఇక ఆ కొట్టాయన కాడికి ముందుగాల నేను పోత, ఎవరైనా తోడొస్తరా చెప్పున్రి.