పాట వెనుక పాట్లు: చెవికి కొలతలిచ్చి కుట్టించాలా?

టీవీలో పాటల పోటీలు చూసే మిత్రులకి ఈ సంగతి కొత్త కాదు. పాడే కుర్రాడి చెవిలో చిన్న గుళికలాంటిది మెరుస్తూ వుంటుంది. దాని తీగ చెవి మీదుగా వెనక్కి తిరిగి, చొక్కాలోకి దూరి, నడుం దగ్గరున్న డబ్బాలో కలుస్తుంది. "పాడుతూ పాటలు వింటున్నాడా ఏమిటి?" అని నవ్వేవాళ్లూ వున్నారు. అవును, వింటున్నాడు. తన పాటే తను వింటున్నాడు! దాని పేరే ఇన్-ఇయర్ మానిటర్.

దీని మీద ఒక ఆర్కెస్ట్రా గాయకుడు ఉత్తరం రాశాడు. పెళ్లిళ్లకీ, వినాయకచవితి పందిళ్లకీ పాడే అబ్బాయి. "కూడబెట్టిన డబ్బంతా పోసి నా చెవి కొలతకి చేయించుకోనా, షాపులో దొరికేది కొనుక్కోనా? కస్టమ్ లేనివాడు అసలు గాయకుడే కాదంటున్నారు మావాళ్లు" అని అతని బాధ.

అబ్బాయీ, ఆ మాట అన్నవాళ్లు నీ డబ్బుతో మాట్లాడుతున్నారు. ముందు అసలు సంగతి చూద్దాం.

స్టేజి మీద డ్రమ్సు మోతలో గాయకుడికి తన గొంతు తనకే వినపడదు. అందుకే కాళ్ల దగ్గర మానిటర్ బాక్సులు పెడతారు. వాటిని పెంచితే మైకు 'కీ...' మని కూస్తుంది. పెంచకపోతే గాయకుడు అరుస్తాడు. అరిస్తే శ్రుతి పోతుంది, నాలుగు రోజులకి గొంతూ పోతుంది. 1995లో అమెరికాలో వాన్ హేలెన్ అనే రాక్ బృందానికి సౌండ్ చూసే జెర్రీ హార్వీ, డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ ఇబ్బంది చూసి, అతని చెవికి సరిపడే మానిటర్ తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా పుట్టింది.

కస్టమ్ అంటే దర్జీ కుట్టిన చొక్కా. ఆడియాలజిస్టు చెవిలో ముందు దారం కట్టిన చిన్న స్పాంజి ముక్క పెట్టి, తర్వాత మెత్తటి సిలికాన్ ముద్ద నింపుతాడు. కొద్ది నిమిషాల్లో అది గట్టిపడి చెవి అచ్చు బయటికొస్తుంది. గాయకులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. అచ్చు తీసేటప్పుడు నోరు తెరిచి వుంచాలి. ఎందుకంటే దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం మారుతుంది. నోరు మూసుకుని ఇచ్చిన అచ్చు, తారస్థాయి అందుకునేసరికి వదులైపోతుంది!

రెడీమేడ్‌కి రబ్బరు టిప్సో, స్పాంజి టిప్సో తొడుగుతారు. చెవికి సరిగ్గా మూత పడితే రెండూ బాగానే పలుకుతాయి. మూత పడకపోతే ముందు బాస్ జారిపోతుంది. బయటి మోత లోపలికొస్తుంది. కాబట్టి 'ఇది బాగోలేదు' అనేముందు చిన్నవీ పెద్దవీ టిప్స్ మార్చి చూడండి. కుడిచెవి సైజు ఎడమచెవికి సరిపోని వాళ్లూ వుంటారు.

ఇంకో రహస్యం చెప్పనా? జెహెచ్ ఆడియో, 64 ఆడియో లాంటి కంపెనీలు ఒకే మోడల్ని రెండు రూపాల్లోనూ అమ్ముతాయి. అంటే కస్టమ్‌లో మీరు కొనేది పట్టు. శబ్దంలో గొప్పతనం కాదు. షూర్ వారి ఎస్ఇ 215 లాంటి రెడీమేడ్ రకం 100 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. పెద్ద కస్టమ్ రకాలు 1,000 డాలర్లు దాటతాయి. పైగా కస్టమ్ మీ చెవికే సొంతం. తమ్ముడికి ఇవ్వలేరు, అవసరానికి అమ్ముకోలేరు. ఒళ్లు పెరిగినా తగ్గినా మళ్లీ సరిచేయించుకోవాల్సి రావచ్చు. రెడీమేడ్‌కయితే టిప్స్ మారిస్తే సరి.

మరి కస్టమ్ దండగా? కాదు. వారానికి నాలుగైదు రాత్రులు, గంటల తరబడి పాడేవాళ్లకి అది వరమే. చెమట పట్టినా, గంతులేసినా జారదు. ఏ టిప్సూ సరిపడని చెవులకి అదే దారి. మధ్యే మార్గమూ వుంది. వున్న రెడీమేడ్‌కే చెవి అచ్చుతో తొడుగు చేయించుకోవచ్చు. వినికిడి యంత్రాలకి అచ్చులు చేసేవాళ్లని అడిగి చూడండి.

ఏది కొన్నా, చెవిలోకి వచ్చేది మిక్సర్ దగ్గరున్నాయన పంపినదే. ఆ మిక్సింగే కుదరకపోతే లక్ష పోసినా లాభం లేదు. అప్పుడు ఇన్-ఇయర్ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడనడమే.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. జనం కేకలు వినాలని ఒక చెవిలోది తీసేసి పాడే గాయకులున్నారు. చూడ్డానికి స్టైలుగానే వుంటుంది. కానీ బయటి మోతని మించి వినాలని రెండో చెవిలో వాల్యూమ్ పెంచేస్తారు. 85 డెసిబెల్స్ మోత రోజుకి 8 గంటల వరకు ఫర్వాలేదని అమెరికా ఆరోగ్యసంస్థ నియోష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ వ్యవధి సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే! జనం కేకలు కావాలంటే, స్టేజి అంచున ఒక మైకు పెట్టి ఆ సౌండు కూడా చెవిలోకి పంపమనండి.

అంచేత, ఉత్తరం రాసిన అబ్బాయికి నా మాట: ఈ సీజనుకి మంచి రెడీమేడ్ కొను. స్పాంజి టిప్స్ వెయ్యి. రెండు చెవుల్లోనూ పెట్టుకో, వాల్యూమ్ తగ్గించు. మిగిలిన డబ్బు దాచుకో. ప్రోగ్రాములు పెరిగి, పాట మధ్యలో అది జారుతోందని విసుగు పుట్టిననాడు కస్టమ్ చేయించుకో. ఇన్-ఇయర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. చెవి పోతే ఏ షాపులో దొరుకుతుంది?