60 వేల కంప్యూటరు, అప్పు లేని ఇల్లు

ప్రశ్న: మాది మైపాడు. రొయ్యల మేత అమ్మే చిన్న దుకాణమే మా జీవనాధారం. పెద్దబ్బాయి నెల్లూరులో ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పాఠాలకూ ఆటలకూ పనికివచ్చేలా విడిభాగాలు ఎంచుకుని గేమింగ్ కంప్యూటరు కట్టించమని ఏడాదిగా అడుగుతున్నాడు. మానిటరు, కీబోర్డు ఇంట్లో ఉన్నాయి. మిగతావాటి కోసం 60 వేల రూపాయలు కూడబెట్టాము. వాడు రాసుకొచ్చిన జాబితా మాత్రం 90 వేలు దాటింది. తక్కువ పడిన సొమ్ము వాయిదాల్లో కట్టుకోవచ్చునని దుకాణదారు అంటున్నాడు. నా భార్య తన గాజులు తాకట్టు పెడదామంటోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరుడు, మైపాడు

జవాబు: సోదరా! గాజులు పెట్టెలోనే ఉండనివ్వండి. వాయిదాల కాగితం మీద సంతకమూ చేయకండి. 60 వేలతో మీ అబ్బాయి కోరికలన్నీ తీరకపోవచ్చు గాని, అవసరం తప్పక తీరుతుంది.

ముందుగా ఒక మాట. బిడ్డకు కంప్యూటరు కొనివ్వడం దుబారా కాదు. ఖర్చులో దుబారాకూ పిసినారితనానికీ నడుమ నిలవడాన్ని దివ్య ఖుర్ఆన్ దైవదాసుల లక్షణాలలో ఒకటిగా పేర్కొన్నది (ఫుర్ఖాన్ సూరా, 25:67). ఉన్నంతలో కొనడం ఆ మధ్యేమార్గం. లేని సొమ్ముతో కొనడం హద్దు దాటడం. ఆ లేని సొమ్ము వడ్డీతో వస్తే విషయం మరీ తీవ్రమవుతుంది. బఖరా సూరా (2:275-279) వడ్డీని ఎంత కఠినంగా నిషేధించిందో మీకు తెలియనిది కాదు.

‘వడ్డీ లేని వాయిదాలు’ అన్న ప్రకటన చూసి మోసపోకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇలాంటి పథకాలలో సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తుంది. అంత మొత్తాన్ని అమ్మకందారు తగ్గింపుగా చూపుతాడు. ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద జీఎస్టీ పలుచోట్ల అదనం. పేరు మారినా ఒప్పందంలో వడ్డీ ఉన్నది. బ్యాంకులో గాజులు తాకట్టు పెట్టి తెచ్చే రుణమూ అంతే.

పాళ్లు తెలిస్తే జాబితా తగ్గుతుంది

కంప్యూటరు వేగాన్ని అందులోని బలహీనమైన భాగం నిర్ణయిస్తుంది. బండికి ఒకవైపు ఒంగోలు గిత్తను, మరోవైపు లేగదూడను కడితే నడక దూడదే అవుతుంది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొని దానికి తగని ప్రాసెసరు పెడితే కార్డు కోసం పెట్టిన సొమ్ములో కొంత వృథాయే. కనుక ఒక్కొక్క భాగం ఎంత గొప్పదో చూడకండి. ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూడండి.

విడిభాగాల ధరలు, ముఖ్యంగా ర్యామ్ ధరలు, త్వరత్వరగా మారుతుంటాయి. అందుచేత రూపాయలకన్నా పాళ్లు గుర్తుంచుకోవడం మేలు. ఆటలకు పనికివచ్చే కంప్యూటరుకు నూటికి 38 పాళ్లు గ్రాఫిక్స్ కార్డుకు, 18 ప్రాసెసరుకు, 12 మదర్‌బోర్డుకు, 11 ర్యామ్‌కు, 9 ఎస్ఎస్‌డీకి, 8 పవర్ సప్లైకి, 4 క్యాబినెట్‌కు కేటాయించవచ్చు. మీ 60 వేలలో ఇది కార్డుకు 22,800, ప్రాసెసరుకు 10,800, పవర్ సప్లైకి 4,800 రూపాయలు అవుతుంది. ఒకదాని ధర పెరిగితే మరొకదాన్ని కొద్దిగా తగ్గించాలే తప్ప మొత్తాన్ని పెంచకూడదు.

తర్వాత మానిటరును చూడండి. సాధారణ ఫుల్ హెచ్‌డీ తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 4కె తెర మీద వాటికి నాలుగు రెట్లు, అంటే సుమారు 83 లక్షలు. మీ ఇంట్లో ఉన్నది ఫుల్ హెచ్‌డీ తెర అయితే, 4కె కోసం తయారైన కార్డు మీకు అక్కరలేదు. ఏఎండీ ఆర్ఎక్స్ 6600, ఎన్విడియా ఆర్టీఎక్స్ 4060 స్థాయి కార్డులు ఈ తెరను దృష్టిలో పెట్టుకుని చేసినవే. రైజెన్ 5 5600, కోర్ ఐ3-12100ఎఫ్ వంటి ప్రాసెసర్లు వాటికి తగిన జోడీలు. జాబితా 90 వేలు దాటడానికి కారణం చాలామటుకు ఇక్కడే దొరుకుతుంది. అద్దాల క్యాబినెట్, రంగుల దీపాలు ఉంటే అవీ కొట్టివేయండి. దీపాలు వేగాన్ని పెంచవు.

పొదుపు చేయకూడని భాగం పవర్ సప్లై. అది ఎవరికీ కనబడదు కాబట్టి దుకాణాల్లో మొదట దానికే కోత పడుతుంది. ఆర్టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, రైజెన్ 5 5600 సుమారు 65 వాట్లు తీసుకుంటాయి. మిగతా భాగాలు కలిపినా 300 వాట్లు దాటడం అరుదు. పేరున్న సంస్థ చేసిన 550 వాట్ల పవర్ సప్లై, మీద ‘80 ప్లస్’ గుర్తు ఉన్నది, ఇప్పటికీ రేపటికీ చాలు. పేరూ ఊరూ లేని చౌక డబ్బా కాలిపోతే తనతోపాటు మిగతావాటినీ తీసుకుపోవచ్చు.

ర్యామ్ 16 జీబీ ఒకే ముక్కగా కాక 8 జీబీవి రెండు తీసుకుంటే వేగం మెరుగు. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ పట్టదు. కొనేముందు రెండూ సరిచూసుకోవాలి.

ఇంత చేసినా సొమ్ము చాలకపోతే గ్రాఫిక్స్ కార్డును వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. రైజెన్ 5 5600జి వంటి ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ ఉంటుంది. ప్రోగ్రామింగు, చదువు, తేలికపాటి ఆటలు దానితో సాగిపోతాయి. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ ఉంటే మాత్రం కార్డు లేనిదే తెర వెలగదు. విడిభాగాలతో కట్టించుకోవడంలోని అసలు మేలు ఇదే. అప్పు చేసి అన్నీ ఈరోజే కొననక్కరలేదు. ఉన్నంతతో మొదలుపెట్టి, సొమ్ము సమకూరినప్పుడు చేర్చుకోవచ్చు.

మైపాడులో మరికొన్ని జాగ్రత్తలు

సముద్రపు గాలిలోని ఉప్పూ తేమా లోహాన్ని తింటాయి. క్యాబినెట్ ఫ్యాన్లు ఆ గాలినే లోపలికి లాగుతాయి. అందుచేత సముద్రం వైపు కిటికీ పక్కన కంప్యూటరు పెట్టకండి, నేల మీదా వద్దు. గాలి లోపలికి వచ్చేచోట జాలీ ఫిల్టరు ఉన్న క్యాబినెట్ తీసుకుని నెలనెలా దుమ్ము దులపండి. సెలవుల్లో వాడకపోయినా రెండు మూడు రోజులకొకసారి కాసేపు నడపండి. ఆ వేడికి తేమ ఆరుతుంది.

తుపానుల కాలంలో కరెంటు పోవడం, రావడం మీకు అలవాటే. 1000 వీఏ యూపీఎస్‌ను విడిగా లెక్కవేసుకోండి. ప్లగ్గుకు సరైన ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇవి పూర్తయ్యాకే కంప్యూటరు తీసుకురండి.

చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులోనో ధర కొంత తగ్గవచ్చు. ప్రయాణపు ఖర్చు కూడా కలిపి చూడండి. ‘బిల్లు లేకుండా అయితే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది’ అనే మాటకు లొంగకండి. బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టం, పన్ను ఎగవేతలో భాగస్వాములూ అవుతారు. కట్టించిన కంప్యూటరును బస్సులోనో రైలులోనో తెచ్చేటప్పుడు గ్రాఫిక్స్ కార్డును విప్పి దాని పెట్టెలోనే పెట్టించండి. కుదుపులకు బోర్డులోని గాడి దెబ్బతింటుంది.

దొంగ నకలు విండోస్, దొంగ నకలు ఆటలు వద్దు. ఒకరి శ్రమను అనుమతి లేకుండా వాడుకోవడం ముస్లిముకు తగదు. విండోస్‌కు సొమ్ము లేకపోతే ఉబుంటు ఉచితం. ఇంజనీరింగు విద్యార్థికి లినక్సు నేర్చుకోవడం లాభమే. ఆటలలో చాలావాటిని దాని మీదా ఆడవచ్చు.

అబ్బాయితో ఒప్పందం

కొనే ముందు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని జాబితాను అతని చేతే 60 వేలకు కుదించేలా తిరగరాయించండి. ఏది వదులుకోవాలో తేల్చుకోవడం అతనికి ఉపయోగపడే పాఠం. కంప్యూటరు గదిలో కాక అందరూ తిరిగే హాలులో ఉండాలి. అజాన్ వినబడితే ఆట ఆగాలి. ఇషా తర్వాత ఆట సాగితే ఫజ్ర్ నమాజు తప్పుతుంది. కనుక రాత్రి హద్దు ముందే నిర్ణయించండి. డబ్బు పెట్టి ఆడే ఆటల జోలికి అసలే పోరాదు. జూదం మాయిదా సూరాలో (5:90) నిషిద్ధం. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్ర ప్రభుత్వం కూడా 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది.

మీ భార్యతో ఈ మాట చెప్పండి. బిడ్డ కోసం గాజులు తీయాలనుకున్న తల్లి మనసు గొప్పది. ఆ గాజులు ఆమె సొత్తు. ఇంట్లో జబ్బు చేసిన రోజునో, వాన రొయ్యల చెరువులను ముంచి మీ దుకాణం బాకీలు రాని ఏడాదో అవి అక్కరకు వస్తాయి. ఆటల కార్డు కోసం వాటిని కదిలించవద్దు. అబ్బాయికీ ఈ సంగతి తెలియనివ్వండి. అమ్మ ఏమి ఇవ్వబోయిందో తెలిసిన బిడ్డ 60 వేల కంప్యూటరును చిన్నచూపు చూడడు. అల్లాహ్ మీ ఉపాధిలో శుభం కలుగజేయుగాక! ఆమీన్.