రెండో స్లాటుతో జాగ్రత్త!

జీలకర్రా బెల్లం పెట్టేదీ, తాళి కట్టేదీ ఒక్కసారే. కార్డు పాడైతే ఆ ఫొటోలు మళ్లీ తీయలేం. అందుకే చాలామంది పెళ్లి ఫొటోగ్రాఫర్లు రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరా కొంటారు. ప్రతి ఫొటో రెండింట్లోనూ పడేలా పెట్టుకుంటారు. అంతా బాగానే ఉంటుంది. సరిగ్గా తలంబ్రాల వేళకి, అప్పటిదాకా టకటకా క్లిక్‌మన్న కెమెరా మొరాయిస్తుంది!

కారణం... రెండు స్లాట్ల వేగం ఒకటి కాకపోవడమే. 2018లో వచ్చిన సోనీ ఏ7-3నే తీసుకోండి. అందులో మొదటి స్లాటు యూహెచ్‌ఎస్‌-2 రకం. ఆ రకానికి గరిష్ఠ వేగం సెకనుకి 312 మెగాబైట్లు. రెండోది యూహెచ్‌ఎస్‌-1. దాని హద్దు 104 మెగాబైట్లే. అందులో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఆ హద్దు దాటదు. తీసిన ఫొటోలు ముందు బఫర్‌ అనే తాత్కాలిక మెమరీలో చేరి, అక్కణ్నుంచి కార్డులకు వెళ్తాయి. రెండో కార్డులోకీ వెళ్లేదాకా బఫర్‌ ఖాళీ కాదు. జోడెద్దుల్లో ఒకటి నెమ్మదిస్తే బండే నెమ్మదించినట్టన్నమాట.

అలాగని రెండో కార్డు తీసేయడం తెలివైన పని కాదు. పెద్దవైన ‘రా’ ఫైళ్లు రెండింట్లోకీ కాకుండా మొదటి దాంట్లోకే పంపి, రెండో దాంట్లో చిన్న జేపెగ్‌లు పడేలా మార్చుకుంటే భారం తగ్గుతుంది. మీట అదేపనిగా నొక్కిపట్టకుండా విడతలుగా తీయడమూ మంచిదే. ఇక కెమెరా కొనేటప్పుడు ‘రెండు స్లాట్లున్నాయి’ అనగానే సంబరపడకండి. ఏది ఎంత వేగమో విడివిడిగా అడగండి. మూడు ముళ్లూ పడేటప్పుడు కెమెరా కోసం పంతులుగారు ఆగరుగా మరి!