ఇర్విన్ కోసం ఏడ్చిన కండ్లు దిగిడను ఎందుకు చూడలే?

2006 సెప్టెంబర్ 4. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరం దగ్గర, బాట్ రీఫ్ అనే చోట సముద్రంలో షూటింగ్ జరుగుతున్నది. తోకలో ముల్లుండే టేకు చేప ఆ ముల్లును స్టీవ్ ఇర్విన్ ఛాతీలో దించింది. 44 ఏండ్లకే మనిషి పోయిండు.

అప్పుడు సిద్దిపేటలో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు ఇంగ్లీష్ ముక్క రాదు. అయినా ఖాకీ నిక్కరు తొడుక్కొని మొసలి మీదికి దుంకే ఆ మనిషంటే ఆమెకు పాణం. వార్త చూసి "అయ్యో బిడ్డా, పాములను పట్టినోడు చాప ముల్లుకు పాయెనా" అని కొంగుతోటి కండ్లు ఒత్తుకున్నది. మేమూ ఏడ్చినం. ఆ ఏడుపును నేను ఇప్పటికీ తప్పు పట్టను. మొసలిని, పామును చూసి భయపడుడు కాదు, ముచ్చటపడాలె అని ఇంటింటికీ వచ్చి చెప్పినోడు ఆయన. ఆస్ట్రేలియా సర్కారు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తమంటే, మా వాడు మామూలు మనిషి, వద్దని తండ్రి అన్నడు. సెప్టెంబర్ 20న ఆయన జూలోనే సంతాప సభ పెడితే ప్రధాని వచ్చిండు, ఎనిమిదేండ్ల బిడ్డ లేచి నాయన గురించి మాట్లాడింది. లోకమంతా టీవీల ముందు కూసొని చూసింది.

నేను అడిగేది వేరే. జంతువు చేతుల చచ్చిపోయిన మనిషి కోసం ఇంత దుఃఖం రావాలంటే, ఆ మనిషి చేతిలో కెమెరా ఉండాల్నా?

2020 నవంబర్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలం దిగిడలో ఒక ఆదివాసీ యువకుణ్ణి పులి చంపింది. అదే నెలలో పెంచికల్‌పేట మండలంలో పత్తి ఏరుతున్న ఆడబిడ్డను చంపింది. ఆ పిల్ల పత్తి చేన్ల పని చేస్తుంటే ప్రాణం పోయింది. టీవీల్లో ఏం చూపించిండ్రు? పులి అడుగులు, పులి కోసం పెట్టిన బోన్లు, పులి ఎటు పోయిందన్న మ్యాపులు. చనిపోయిన పిల్లల పేర్లు రెండు రోజులు కూడా నిలవలే. పులిని దేవుడని మొక్కే జాతుల పిల్లలు వాళ్ళు.

టీవీ అడవిని మనకు ఎట్ల అలవాటు చేసిందో చూడండ్రి. అందులో జంతువులుంటయి, ధైర్యమున్న ఒక యాంకర్ ఉంటడు. అక్కడ తరతరాల నుంచి బతికే మనుషులు ఉండరు. ఉన్నా దారి చూపేటోళ్ళుగా, బుట్టలు మోసేటోళ్ళుగా కనిపిస్తరు. అట్ల చూసీ చూసీ, అడవి అంటే మనుషులు లేని జాగా అని చదువుకున్నోళ్ళు కూడా నమ్ముతున్నరు. అందుకే యాంకర్ చనిపోతే లోకానికి చుట్టం పోయినట్టయితది. గోండు పిల్లగాడు చనిపోతే 'మానవ–వన్యప్రాణి సంఘర్షణ' అయితది.

దుఃఖం ఊకె పోదు. అది భూమి మీదికి కూడా వస్తది. ఇర్విన్ పోయినంక 2007లో ఆస్ట్రేలియా ప్రభుత్వం కేప్ యార్క్‌లో 1,35,000 హెక్టార్ల భూమి కొని ఆయన పేరు పెట్టింది. దాని బాగోగులు ఆయన కుటుంబం చూస్తున్నది. అక్కడికి బాక్సైట్ తవ్వకాలు వస్తమంటే ఆ కుటుంబం నిలబడి కొట్లాడింది. అది మంచి పనే, ఒప్పుకుంటం. కానీ కేప్ యార్క్ నేల ఇర్విన్ పుట్టకముందు వేల ఏండ్ల నుంచి అక్కడి ఆదివాసులది. ఆ అడవికి బోర్డు మీద పేరు మాత్రం టీవీ మనిషిది.

మన దగ్గర ఇంకో విచిత్రం. 2025 మే 30న జీవో 49 వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు లక్షా 49 వేల హెక్టార్లను 'కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్' అన్నరు. ఎవరి పేరు? జల్, జంగల్, జమీన్ కోసం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీం పేరు! ఆయన వారసులను అడగకుండ, ఆయన పేరునే గేటుకు తగిలించిండ్రు. కన్జర్వేషన్ రిజర్వ్ పెట్టే ముందు స్థానికులతో సంప్రదించాలని వన్యప్రాణి చట్టంలోనే ఉన్నది. ఆదివాసులు బంద్‌కు దిగితే జూలై 21న జీవోను నిలిపివేసిండ్రు. నిలిపివేసుడంటే రద్దు చేసినట్టు కాదు.

ఇంకో సంగతి. ఇర్విన్ పోయిన రోజే, అంటే 2006 సెప్టెంబర్ 4నే, మన దేశంలో జాతీయ పులుల సంరక్షణ సంస్థ ఏర్పడ్డది. దాన్ని తెచ్చిన చట్ట సవరణ ఏమన్నది? పులుల కోసం అడవి నుంచి ఎవరిని తరలించాలన్నా ముందు వాళ్ళ హక్కులు తేల్చాలె, గ్రామసభ ఒప్పుకోవాలె, వాళ్ళు తమ ఇష్టంతోనే పోవాలె. అదే ఏడాది డిసెంబర్‌లో అటవీ హక్కుల చట్టం పార్లమెంటులో పాసయింది. ఆ రోజు ఇర్విన్ వార్త మాకు నిమిషాల్లో తెలిసింది. ఈ హక్కుల సంగతి మా గూడేలకు చేరడానికి ఏండ్లు పట్టింది. పట్టాల కోసం ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరిగేటోళ్ళున్నరు.

మనవైపు తప్పులూ ఉన్నయి, దాచుడు ఎందుకు? 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో విషం కలిపిన పశువు కళేబరం తిని పులి చనిపోయింది. అది తప్పే. ఇర్విన్ పోయినంక ఆస్ట్రేలియాలో కూడా తోకలు కోసిన టేకు చేపలు ఒడ్డున దొరికినయి. కోపం ఎక్కడైనా గట్లనే ఉంటది. ఆడ ఆ పని ఇర్విన్ అభిమానులు చేసి ఉంటరని అనుకున్నరే గాని, అభిమానులందరినీ దోషులనలే. ఈడ మాత్రం ఒకడు చేస్తే గూడెమంతా దొంగలే.

మన సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉన్నది. రేపటి రేంజర్లు, ఆఫీసర్లు అక్కడ చదువుతున్నరు. తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఇర్విన్‌ను ప్రేమించండ్రి, వద్దనం. కానీ అడవికి డ్యూటీ మీద పోయిన మొదటి రోజు పులి అడుగు కంటే ముందు దిగిడ తల్లి ఇంటి దారి అడగండ్రి. ఆ ఇంట్ల కాసేపు కూసొని రాండ్రి.

సర్కారుకు మాది ఒక్కటే మాట: భీం పేరు పెట్టే ముందు భీం పిల్లలను అడగండి. జీవో 49ను ఆపి పెట్టుడు కాదు, రద్దు చేయండి.

జోహార్ కుమురం భీం. దిగిడ బిడ్డకూ, పెంచికల్‌పేట బిడ్డకూ జోహార్.